సమస్యాపూరణం: అడ్డుపడినవాఁడె యాదుకొనెను

ప్రశ్నకర్త: ఛందస్సు ఆటవెలది. విషయం సీమాస్ ఆప్‌యాంప్ (సీమాస్ ట్రాన్సిస్టర్లతో కట్టిన, సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్) దాటకూడదు. ఇంగ్లిష్ మాటలు రావచ్చు, గణాలు మాత్రం తప్పకూడదు.

పూరణ 1
రెండు మెట్ల నడుమ నుండెడు మిల్లరు
వేగ మడఁచె నంచు విసుగుపడితి
ఊఁగులాడు సిగ్న లొద్దికఁ గుదిరెను
అడ్డుపడినవాఁడె యాదుకొనెను

ప్రశ్నకర్త: ప్రాసయతి బాగా కుదిరింది. మెట్లంటే స్టేజులు, అంటే సిగ్నల్‌ను పెంచే అంచెలు; మిల్లరంటే అవుట్‌పుట్ ఊగిపోకుండా ఆ రెంటి మధ్య పెట్టే కెపాసిటర్. విసుగు న్యాయమే. టెయిల్ కరెంటు (మొదటి స్టేజీకి అందే కరెంటు) 100 మైక్రోఆంపులు, మిల్లర్ కెపాసిటర్ 5 పికోఫారడ్లు అయితే స్లూ రేటు (అవుట్‌పుట్ ఎక్కగల గరిష్ఠ వేగం) మైక్రోసెకనుకు 20 వోల్టులు. అంటే 2 వోల్టులు ఎక్కడానికే 100 నానోసెకన్లు. సెట్లింగ్, అంటే చివరి విలువ దగ్గర కుదురుకోవడం, ఆ తర్వాతి మాట! బ్యాండ్‌విడ్త్ (పెంచగల ఫ్రీక్వెన్సీల మేర) కూడా తగ్గుతుంది. మరి ‘వేగం’ అన్నది దేన్ని?

పూరణ 1 కవి: రెండింటినీ అండీ. తిట్టేటప్పుడు విడదీయలేదు.

పూరణ 2
కుడి తలమున సున్న కొంపముంచెడు వేళ
చిన్ని రోధకంబు చేరి నిలిచె
దొంగదారిఁ బట్టి దూకెడు సిగ్నలు
కడ్డుపడినవాఁడె యాదుకొనెను

ప్రశ్నకర్త: భేష్! ‘సిగ్నలుకడ్డు’ అని సంధిని పాదం దాటించడం చూసి ముచ్చటేసింది. రోధకమంటే రెసిస్టర్, పైగా అడ్డుపడడమే దాని పని. రెండో స్టేజీని తప్పించుకుని మిల్లర్ కెపాసిటర్ గుండా నేరుగా పోయేదే ఆ దొంగదారి. కుడి తలపు సున్న, అంటే నిలకడను చెడగొట్టే రైట్ హాఫ్ ప్లేన్ జీరో, పుట్టేది దానివల్లే. స్టెప్ (ఇన్‌పుట్‌లో హఠాత్తు మార్పు) ఇవ్వగానే అవుట్‌పుట్ పైకి లేవాల్సింది, ముందు కాస్త కిందికి దిగుతుంది. రెసిస్టర్ విలువ రెండో స్టేజీ జీఎమ్‌కు (ఇన్‌పుట్ వోల్టేజి మారితే కరెంటు ఎంత మారుతుందన్న కొలతకు) విలోమమైతే ఆ సున్న అనంతానికి పోతుంది. బైపోలార్ ట్రాన్సిస్టర్లతో పోలిస్తే సీమాస్‌లో జీఎమ్ తక్కువ, అందుకే ఈ గోల.

పూరణ 3
ఫోల్డు కాస్కొడైన భారమే కాపాడు
లోడు పెరుగుకొలది లొంగి నడచు
మోత బరువు తెచ్చి మొండితనముఁ దీర్చె
అడ్డుపడినవాఁడె యాదుకొనెను

ప్రశ్నకర్త: ఫోల్డు కాస్కోడు ఒకే స్టేజీ ఉన్న ఆప్‌యాంప్; భారమంటే దాని అవుట్‌పుట్‌కు తగిలించే లోడు. భావం కొత్తది, కానీ మొదటి పాదంలో యతి తప్పింది. ఫో, భా: హల్లులు కలిసినా అచ్చులు కలవవు. ‘ఫోల్డు కాస్కొడైన బోలెడు మోసినన్’ అంటే సరి.

పూరణ 2 కవి: ఒక మాట. ఒకే స్టేజీ కాబట్టి అక్కడ లోడు కెపాసిటరే కాంపెన్సేషన్ (అవుట్‌పుట్ ఊగకుండా నిలిపేది) అవుతుంది. అదే లోడు మిల్లర్ ఆప్‌యాంప్‌కు తగిలిస్తే రెండో పోల్ (గెయిన్ ఇంకా వేగంగా పడిపోవడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) కిందికి దిగి ఫేజ్ మార్జిన్‌ను, అంటే ఊగిపోకుండా మిగిలే వెసులుబాటును, తినేస్తుంది.

పూరణ 3 కవి: యతి దిద్దుకున్నాను. ఆ రెండో మాట నాకు అనుభవమే. రెండు స్టేజుల దానికి కూడా ఇదే సూత్రమనుకుని లోడు పెంచుతూ పోయాను. సిమ్యులేషన్‌లో అవుట్‌పుట్ గుడిగంటలా మోగింది.