పడమర ముఖం ఇంటి ముందు ఏ చెట్టు పెట్టాలి?

బోడుప్పల్ వాసి:
150 గజాల్లో ఇల్లు కట్టుకున్నాం. పడమర ముఖం. మార్చి నుంచే మధ్యాహ్నం రెండు దాటితే హాల్లో కూర్చోలేకపోతున్నాం. ప్రహరీ బయట, గేటు పక్కన చెట్టుకి జాగా ఉంది. గుంత తీయిస్తే 2 అడుగులకే మొరం తగిలింది. కరెంటు తీగలు రోడ్డుకి అవతలి వైపు ఉన్నాయి. మా ఆవిడ వేప అంటుంది. మా అబ్బాయి ఎదురింటి వాళ్లలా కోనోకార్పస్ అంటాడు. నాకేమో గుల్మొహర్ ఇష్టం. మీ ఇళ్ల ముందు ఏది బాగా బతికిందో చెప్పండి. జూన్‌లో నాటాలి.

రామంతపూర్ పాతకాపు:
గుల్మొహర్ మాత్రం వద్దండి. పూస్తే కళ్లు తిప్పుకోలేం గానీ కొమ్మ వట్టి పెళుసు. పోయిన మేలో గాలివానకి ఓ కొమ్మ విరిగి సరిగ్గా నా స్కూటీ మీదే పడింది. కోనోకార్పస్ సంగతైతే, హరితహారంలోనే నాటడం ఆపించేశారు.

మల్కాజిగిరి మామ:
కానుగ పెట్టు తమ్మీ. ఇష్టమైన చెట్టు ఏదంటే దాని పేరు ఎవ్వరూ చెప్పరు. కాయ తిననీకి రాదు, పువ్వు జడల పెట్టనీకి రాదు. మాదీ పడమర ఇల్లే, మాకూ కింద బండే. 1998ల పెట్టిన.

మాఘంల ఆకంత రాలుతది. ఆ రెండు వారాలు మా ఇంటామె చీపురు పట్టుకొని నన్నూ చెట్టునూ కలిపి తిడ్తది. శివరాత్రి దాటినంక చిగురొస్తది చూడు, నూనె రాసినట్టు మెరుస్తది. ఎండలు ముదిరేసరికి గొడుగు తయార్. ఏప్రిల్‌ల పూత. పొద్దున లేస్తే గల్మల, కారు మీద మరమరాలు కుమ్మరించినట్టు ఉంటది, జర ఊదా కలిసిన తెలుపు. ఆకుల మీద పొక్కులొస్తే మందు కొట్టకు. అది సన్న నల్లి పని, చెట్టుకేం గాదు.

మా నాయిన జనగామ దిక్కు ఊర్లె కానుగ మండలు కొట్టుకొచ్చి వరి మడిల తొక్కిచ్చేటోడు. చిక్కుడు జాతి గదా, ఆకుల నత్రజని ఉంటది. గింజల నూనెతోని దీపం పెట్టేది, ఎడ్లకు గజ్జి లేస్తే అదే రాసేది. తెల్లారి పండ్లు తోమనీకి పుల్ల సరే సరి.

వేప మంచిదే, కాదన. కానీ 2021ల చూసినం గదా, కొసల నుంచి మాడి మా గల్లీల వేపలన్నీ మొండిగైనయ్. మళ్ల చిగురించినయనుకో.

బోడుప్పల్ వాసి:
మామా, కానుగ వేళ్లతో ఇబ్బంది లేదా?

మల్కాజిగిరి మామ:
పక్క వేర్లు బాగ పారుతయ్. సంపు ఉన్న దిక్కు పెట్టకు, రెండో దిక్కు పెట్టు. మొరాన్ని గడ్డపారతోని ఇంకో అడుగు పగలగొట్టి, ఎర్రమట్టి, పెంటెరువు కలిపి నింపు. రెండు ఎండకాలాలు నీళ్లు పొయ్యి, తర్వాత అదే చూసుకుంటది.

చింతచిగురు పప్పు:
చింతనెవరూ తలుచుకోలేదే! 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు 150 మందికి పైగా ఎక్కి ప్రాణాలు కాపాడుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. అంతమంది బరువు మోసిందంటే కొమ్మ బలమెంతో చూడండి. మటన్ కొట్టులో కత్తిదెబ్బలు కాసే మొద్దు కూడా చింతదే. 150 గజాల ఇంటికి అంత చెట్టు పట్టదు లెండి, మీ కాలనీ పార్కులో నాటించండి. చిగురుకి నేనొస్తా.

బోడుప్పల్ వాసి:
ఇంట్లో ఓటింగ్ అయింది. కానుగే. అబ్బాయి అలిగాడు. ఆదివారం నర్సరీకి వెళ్తున్నాం.

మల్కాజిగిరి మామ:
నర్సరీ ఎందుకు? మా చెట్టు కింద మొలకలు మస్తుగున్నయ్. వానలు పడ్డంక ఓ ఆదివారం పొద్దుగాల రా. గడ్డపార మాత్రం నువ్వే తెచ్చుకో, మాది పక్కింటోళ్లు పట్కపోయి ఆర్నెల్లయింది.