రక్తం ఎక్కిస్తుంటే అమ్మకి చలి, జ్వరం వచ్చాయి. రెండో బ్యాగ్ ఎక్కించుకోవచ్చా?

గాజువాక అమ్మాయి:
అమ్మకి 62 ఏళ్లు, హిమోగ్లోబిన్ 6కి పడిపోయిందని వైజాగ్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో చేర్చాం. నిన్న మొదటి బ్యాగ్ సగం ఎక్కాక ఒళ్లంతా వణుకు, దుప్పట్లు కప్పినా ఆగలేదు, జ్వరం 101 దాటింది. సిస్టర్ వెంటనే ఆపి ఇంజెక్షన్ ఇచ్చారు, కాసేపటికి తగ్గింది. ఇవాళ మళ్లీ ఎక్కించాలంటున్నారు. మా పెదనాన్నేమో గ్రూపు తప్పు ఎక్కించారు, ఇంక వద్దంటున్నారు. బ్యాగ్ మీదా, కేస్ షీట్‌లోనూ బి పాజిటివ్ అనే ఉంది. అడిగితే "మామూలేనమ్మా" అన్నారు, అంతే. చాలా టెన్షన్‌గా ఉంది.

బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్:
మీరు చెప్పినదాన్ని బట్టి జ్వరం రియాక్షన్ అయ్యే అవకాశమే ఎక్కువండి. దాత తెల్లకణాల వల్ల, నిల్వలో వాటి నుంచి వచ్చే పదార్థాల వల్ల ఇలా అవుతుంది. గ్రూపు తేడా అయితే చాలాసార్లు మొదట్లోనే నడుం నొప్పి, ఆయాసం, బీపీ పడిపోవడం, మూత్రం ఎర్రగా రావడం ఉంటాయి. కానీ ఒక్కోసారి అదీ చలిజ్వరంతోనే మొదలవుతుంది, బ్యాగ్‌లో బ్యాక్టీరియా ఉన్నా అంతే, అందుకే మామూలే అని వదిలెయ్యడం నాకు నచ్చదు. ఆపేసిన బ్యాగ్‌ని ట్యూబ్ సెట్‌తో సహా, అమ్మగారి కొత్త శాంపిల్‌తో బ్లడ్ బ్యాంక్‌కి పంపారా అని అడగండి. గ్రూపు, క్రాస్ మ్యాచ్ (దాత రక్తం అమ్మగారి రక్తంతో సరిపడుతుందా అన్న పరీక్ష) మళ్లీ చేసి, కూంబ్స్ పరీక్ష (ఎర్రకణాలకి యాంటీబాడీలు అంటుకున్నాయా అని) చూస్తారు. ఆ రిపోర్టు వచ్చాకే రెండో బ్యాగ్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి. ఇలాంటి రియాక్షన్లు నమోదు చెయ్యడానికి 2012 నుంచి దేశంలో హీమోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది, ఫారం నింపమని అడగడంలో తప్పేం లేదు.

తలసీమియా బాబు నాన్న, మధురవాడ:
మా బాబుకి నెల నెలా ఎక్కిస్తాం, మొదట్లో ఇలాగే వణికేవాడు. తెల్లకణాలు తీసేసిన రక్తం ఇవ్వడం మొదలుపెట్టాక బాగా తగ్గింది, మీరూ అది దొరుకుతుందేమో అడగండమ్మా. మొదటి 15 నిమిషాలు మంచం పక్క నుంచి కదలకండి. ఫ్రిజ్ నుంచి తీశాక 4 గంటల్లో అయిపోవాలి. చల్లగా ఉందని వేడినీళ్లలో పెట్టనివ్వకండి, కణాలు పగిలిపోతాయి. అమ్మగారికి గుండె, కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి, త్వరగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

సీతమ్మధార:
బయటి రక్తం ఎందుకు, సొంత తమ్ముడిదో కొడుకుదో తీసుకుంటే సేఫ్ కదా?

బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్:
అందరూ అలాగే అనుకుంటారండి, నిజానికి ఉల్టా. దగ్గరి బంధువుల తెల్లకణాలను రోగి ఒళ్లు పరాయివిగా గుర్తించకపోవచ్చు, అప్పుడవే రోగి మీద దాడి చేస్తాయి. అరుదే, కానీ వస్తే బతకడం కష్టం. అందుకే అలాంటి రక్తాన్ని, ఆ బ్యాగ్‌కి రేడియేషన్ ఇవ్వకుండా వాడకూడదు. మీవాళ్లు ఇస్తామంటే ఇవ్వనివ్వండి, అది వేరేవాళ్లకి వెళ్తుంది.

గాజువాక అమ్మాయి:
అడిగాను. శాంపిల్ పంపలేదట, ఇప్పుడు తీసుకెళ్లారు. రిపోర్టు వచ్చేదాకా రెండో బ్యాగ్ ఆపమని డాక్టర్ గారే చెప్పారు. పెదనాన్నకి మీ జవాబులు చదివి వినిపించాను, చాలా థ్యాంక్స్ అండీ.