తలకు రంగు: ఇంట్లోనా, పార్లర్‌లోనా? పందెం కాశాం, ఎవరైనా తేల్చండి

తోటపాలెం_లత | శనివారం రాత్రి 9.40

వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి, చీపురుపల్లిలో. నాకు 43. చెవుల పైన, పాపిట దగ్గర బాగా తెల్లబడింది. ఇన్నాళ్లూ గోరింటాకుతో నెట్టుకొచ్చాను. నల్లజుట్టు నల్లగానే ఉంది, తెల్లవి మాత్రం నారింజ రంగుకు తిరిగి ఎండలో వెలిగిపోతున్నాయి. మా స్కూల్లో మూడో తరగతి గుంటడు ఒకడు "టీచర్, మీ తల తుప్పు పట్టింది" అన్నాడు. ఆ రోజే నిర్ణయించుకున్నా.

విజయనగరంలోనే ఒక పార్లర్‌లో అడిగితే కుదుళ్ల వరకు 900, తలంతా అయితే 1,800 అన్నారు. మా ఆయనేమో "కిరాణా కొట్లో 40 రూపాయల ప్యాకెట్ దొరుకుతుంటే పార్లర్ ఏటి?" అంటున్నారు. ఇంట్లో వేసుకుంటే ఎవరూ తేడా పట్టలేరని పందెం కూడా కాశారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కోట_మూర్తి | రాత్రి 9.52

అమ్మా, మీ ఆయన చెప్పిందే నిజం. నేను 22 ఏళ్లుగా ఇంట్లోనే వేసుకుంటున్నాను. నెలలో రెండో ఆదివారం, నాలుగో ఆదివారం, ఉదయం ఆరున్నరకు. ముందు రోజు తలకు నూనె పెట్టను. నుదుటికి, చెవులకు మాత్రం కొబ్బరినూనె రాస్తాను, మరక పడదు. పాత టూత్‌బ్రష్, ప్లాస్టిక్ గిన్నె చాలు. స్టీలు గిన్నె వాడకండి. కలిపింది మిగిలితే దాచకండి, పారబోయండి. రేడియోలో వార్తలు విని, పేపర్ ఒకసారి తిరగేసేసరికి అరగంట అయిపోతుంది.

ఏడాదికి 24 సార్లు, ఒక్కోసారి 40. మొత్తం 960. మీరు ఒక్క పూటకు ఇచ్చే డబ్బుతో నాకు ఏడాది గడుస్తుంది. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కావడం లేదు.

బొబ్బిలి_బుజ్జి | రాత్రి 9.58

లెక్క సరిచూశాను. 960 కరెక్టే.

నాగావళి_పద్మ | రాత్రి 10.31

శ్రీకాకుళంలో 14 ఏళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. కాబట్టి "వ్యాపారం కోసం చెబుతోంది" అని ఎలాగూ అంటారు, అనేసుకోండి.

మూర్తి మాస్టారూ, జుట్టు నెలకు ఒక సెంటీమీటరు, కాస్త అటూ ఇటూ పెరుగుతుంది. అంటే పదిహేను రోజులకు కుదుళ్ల దగ్గర అర సెంటీమీటరు తెలుపు కనబడుతుంది. రంగు వేయాల్సింది అంతవరకే. మీరు టూత్‌బ్రష్‌తో తలంతా పూసేస్తారు. ఇప్పటికే రంగున్న జుట్టు మీద మళ్లీ రంగు, దాని మీద మళ్లీ. చివరికి తల బొగ్గులా తయారవుతుంది. దూరం నుంచి చూసినవాళ్లకు కూడా తెలుస్తుంది అది వేసుకున్న రంగని.

లతగారూ, మీది మామూలు కేసు కాదు. కింద గోరింటాకు ఉంది. కొన్ని గోరింటాకు ప్యాకెట్లలో లోహపు లవణాలు కలుపుతారు. వాటి మీద రంగులో కలిపే పెరాక్సైడ్ పడితే జుట్టు పాడైపోతుంది. దువ్వెనకు వచ్చిన నాలుగు వెంట్రుకల మీద ముందు వేసి చూడాలి. తెల్లజుట్టుకు మేము ఎక్కువగా 20 వాల్యూమ్ డెవలపర్ వాడతాం, అంటే 6 శాతం పెరాక్సైడ్. కణతల దగ్గర తెల్లజుట్టు మొండిది, అందుకే మొదట అక్కడ మొదలుపెట్టి మిగతాది తర్వాత వేస్తాం. ప్యాకెట్‌కి మీ కణతల సంగతి ఏం తెలుసు?

అన్నిటికన్నా ముందు చెవి వెనక రంగు చుక్క పెట్టి, పడుతుందో లేదో చూడ్డానికి 48 గంటలు ఆగాలి. ఇది ఇంట్లో అయినా, పార్లర్‌లో అయినా.

కోట_మూర్తి | రాత్రి 10.44

బొగ్గులా ఉంటుందని ఎవరన్నారు? నా పెన్షన్ ఆఫీసులో కుర్రాడు మొన్న నా వయసు 55 అనుకున్నాడు. నాకు 68. బొగ్గైతే అలా అనుకుంటాడా?

22 ఏళ్లలో చుక్క పెట్టింది లేదు, దురద వచ్చింది లేదు. మా ఇంట్లో ఈ ఎలర్జీలు గిలర్జీలు ఎవరికీ లేవు.

అరసవల్లి_అమ్మమ్మ | రాత్రి 10.50

గోరింటాకు ఒక్కటే పెడితే నలుపు రమ్మంటే ఎక్కడ నుంచి వస్తుంది తల్లీ, ఆకు రంగే ఎరుపు. రాత్రి ఇనుప మూకుడులో టీ డికాషన్ పోసి నానబెట్టు. పొద్దున్న పెట్టి, కడిగి, ఆ తర్వాత నీలి ఆకు పొడి కలిపి పెట్టు. నల్లబడుతుంది. పూటంతా పోతుంది అనుకో.

గజపతినగరం_గీత | ఆదివారం ఉదయం 7.15

పార్లర్‌కి వెళితే సేఫ్ అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. రెండేళ్ల క్రితం మా తమ్ముడి నిశ్చితార్థానికి రెండు రోజుల ముందు ఒక పార్లర్‌లో వేయించుకున్నాను. 1,500 తీసుకున్నారు. చుక్క లేదు, గిక్క లేదు. "అమ్మోనియా లేదు మేడమ్, ఏమీ కాదు" అన్నారు. నిశ్చితార్థం రోజు పొద్దున్న లేచేసరికి కళ్లు తెరుచుకోవు. రెప్పలు బూరెల్లా ఉబ్బాయి. ఫొటోలన్నిటిలో నల్లకళ్లజోడుతో నేనే. పెళ్లికొడుకు అక్కో, బాడీగార్డో తెలియదు.

డాక్టరు చెప్పింది ఏమిటంటే, అమ్మోనియా ఘాటు వాసన తెచ్చేది, జుట్టు పొర తెరిచేది. ఎలర్జీ తెచ్చేది ఎక్కువగా వేరేది. పీపీడీ, పూర్తి పేరు పారా ఫినైలిన్ డయమైన్. ప్యాకెట్లలో నల్లరంగు ఎక్కువగా దాంతోనే వస్తుంది. అమ్మోనియా లేకపోయినా అది ఉండొచ్చు. "బ్లాక్ మెహందీ" అని అమ్మే పొడుల్లో కూడా చాలావాటిలో ఉంటుంది. ఒకసారి పడకపోతే ఇక జన్మంతా పడదు అన్నాడు. ఇప్పుడు నాది తెల్లజుట్టే.

నాగావళి_పద్మ | ఉదయం 7.40

ఆ పార్లర్‌దే తప్పు, వెనకేసుకు రాను. పెళ్లిళ్ల సీజన్‌లో 48 గంటలు ఆగమంటే కస్టమర్ పక్క వీధికి పోతుంది. అదీ నిజమే.

రాజాం_సెలూన్ | ఉదయం 8.05

మా దగ్గర మూడో పద్ధతి ఉంది. ప్యాకెట్ మీరే తెచ్చుకోండి, వేసి తల కడిగినందుకు 60. పొద్దున్న ఆరు నుంచే తెరిచి ఉంటుంది. మగవాళ్లకు మాత్రమే.

బొబ్బిలి_బుజ్జి | ఉదయం 8.07

శ్రీకాకుళం జిల్లాలో ఇది ఎప్పటి నుంచో ఉంది కదా.

రాజాం_సెలూన్ | ఉదయం 8.09

2022 నుంచి రాజాం విజయనగరం జిల్లా. ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి బాబూ.

కోట_మూర్తి | ఉదయం 8.20

ఆ 60 మాత్రం ఎందుకు? భగవంతుడు చేతులు ఇచ్చాడు కదా.

టెక్కలి_కుర్రాడు | ఉదయం 8.26

మాస్టారూ, చిన్న డౌట్. వెనకాల ఎలా వేసుకుంటారు? నేను ట్రై చేస్తే జుట్టు తెల్లగానే ఉంది, మెడ నల్లబడింది. 29 ఏళ్లకే ఈ ఖర్మ.

కోట_మూర్తి | ఉదయం 8.31

అలవాటైతే వచ్చేస్తుంది. ముఖ్యం ఏమిటంటే టైమ్. ముప్పై నిమిషాలా, ముప్పై ఐదా అనేది చాలామందికి తెలియదు. ముప్పైకే కడిగేస్తే కణతల దగ్గర నాలుగో రోజుకే తేలిపోతుంది.

టెక్కలి_కుర్రాడు | ఉదయం 8.33

అది కాదు మాస్టారూ, చేయి ఎటు నుంచి తిప్పుతారు? రెండు అద్దాలు పెడతారా?

కోట_మూర్తి | ఉదయం 8.38

ఎండాకాలం అయితే ముప్పై చాలు. చలికాలంలో ముప్పై ఐదు.

నాగావళి_పద్మ | ఉదయం 8.41

మాస్టారూ, వెనకాల ఎవరు వేస్తారు?

కోట_మూర్తి | ఉదయం 8.55

మా ఆవిడ వేస్తుంది. ఏం, ఇంటి మనిషి వేస్తే తప్పా? మీ దగ్గర పరాయి మనిషి వేస్తే శాస్త్రం, మా ఇంట్లో వేస్తే బొగ్గూనా?

తోటపాలెం_లత | ఉదయం 9.30

మాస్టారూ, మీరు పెద్దవారు, తప్పుగా అనుకోవద్దు. నేను నిన్న అడిగింది ఒకటి, నా కడుపులో ఉన్నది ఇంకొకటి. ఇప్పుడు చెప్పేస్తాను.

మా ఆయన కూడా వేసుకుంటారు. వేసేది నేనే. ఆదివారం పొద్దున్న టిఫిన్ పొయ్యి మీద ఉండగానే "లతా, కలిపావా?" అని పిలుపు. ఆయన స్టూల్ మీద కూర్చుని ఫోన్ చూస్తుంటారు. నేను పాయ తీసి పాయ తీసి వేస్తాను. తర్వాత గిన్నె కడగాలి, బ్రష్ కడగాలి, తువ్వాలు విడిగా నానబెట్టాలి. బాత్రూమ్ గచ్చు మీద పడిన చుక్కలు అప్పుడే తుడవకపోతే ఇక పోవు. మా బాత్రూమ్ మూలన పోయిన దీపావళి నాటి మరక ఇప్పటికీ ఉంది, చింతగింజంత. ఇక నాకు వేసుకోవాలంటే నా వెనకాల ఎవరు వేస్తారు? ఆయన ఒకసారి వేశారు. ఐదు నిమిషాల్లో "అయిపోయింది" అన్నారు. సోమవారం స్టాఫ్‌రూమ్‌లో చెప్పారు, వెనక సగం తెల్లగానే ఉందని.

ఆ 40 రూపాయల్లో నా ఆదివారం ఎక్కడ కలిపారు? 900 ఇచ్చి ఒక గంట కుర్చీలో కూర్చుంటే, ఇంకొకరు నా తల పట్టుకుంటే నాకు హాయిగా ఉంటుంది. అదీ నాకు కావాల్సింది. రంగు కాదు.

తెల్లజుట్టు_జిందాబాద్ | ఉదయం 9.34

వేసుకోకపోతే ఏ గొడవా లేదు.

కోట_మూర్తి | ఉదయం 9.50

బాగుంది. సంసారంలో కూలి లెక్కలు మొదలయ్యాయి. రేపు పప్పు వండినందుకు ఒక బిల్లు, ఎల్లుండి బొత్తాం కుట్టినందుకు ఒక బిల్లు. మా ఆవిడ 22 ఏళ్లలో ఒక్కసారి విసుక్కోలేదు. కరెంటు బిల్లు కట్టేది, గ్యాస్ బుక్ చేసేది, బ్యాంకుకు వెళ్లేది నేను. దానికి నేను ఎవరికి బిల్లు వేయాలి? ఈ పార్లర్లు వచ్చాకే ఆడవాళ్లకు ఇలాంటి మాటలు వచ్చాయి.

నాగావళి_పద్మ | ఉదయం 9.58

మాటలు పార్లర్లలో అమ్మరు మాస్టారూ. సరే, కూలి వదిలేయండి. మేడమ్‌గారు గ్లోవ్స్ వేసుకుని వేస్తారా?

కోట_మూర్తి | ఉదయం 10.06

ప్యాకెట్‌లో ఒక జత వస్తాయి, పల్చటి పాలిథిన్‌వి. ముందు భాగం నేను వేసుకుంటాను కాబట్టి నేను తొడుక్కుంటాను. ఆమెకు అవి జారిపోతాయట. ఉత్తచేత్తోనే బాగా పడుతుంది అంటుంది.

గజపతినగరం_గీత | ఉదయం 10.09

మాస్టారూ, మేడమ్ తన తలకు వేసుకుంటారా?

కోట_మూర్తి | ఉదయం 10.15

లేదు. ఆమెకు ఆసక్తి లేదు. వేళ్లు పగిలి, దురదలు వస్తుంటాయి, నాలుగేళ్లుగా. అంట్లు తోమే సబ్బు పడదు. సబ్బు మూడుసార్లు మార్చాం. ఆయింట్‌మెంట్ రాస్తోంది. దానికీ దీనికీ సంబంధం లేదు.

నాగావళి_పద్మ | ఉదయం 10.17

ఏ రోజు ఎక్కువవుతుంది?

నాగావళి_పద్మ | ఉదయం 11.40

మాస్టారూ?

బొబ్బిలి_బుజ్జి | మధ్యాహ్నం 12.20

లాగౌట్ అయిపోయారు.

కోట_మూర్తి | సోమవారం రాత్రి 8.45

అడిగాను. ఏ రోజు అని ఎప్పుడూ లెక్క చూడలేదు అంది. కాసేపు ఆగి, మంగళవారం పైడితల్లమ్మ గుడికి వెళ్లినప్పుడు కొబ్బరికాయ పీచు వేళ్లకు తగిలితే మండుతుంది అంది. ప్రతి మంగళవారమా అన్నాను. కాదు, ఒక మంగళవారం మండుతుంది, ఒక మంగళవారం మామూలుగా ఉంటుంది అంది.

నాగావళి_పద్మ | రాత్రి 9.10

పీపీడీ పడకపోతే వెంటనే తెలియదు. ఒకటి రెండు రోజులు ఆగి బయటపడుతుంది. సబ్బే అయితే అంట్లు రోజూ తోముతారు కదా.

మీ మీద గెలవాలని చెప్పడం లేదు. నేను పని నేర్చుకున్నప్పుడు ఆరేళ్లు గ్లోవ్స్ లేకుండా వేశాను. మాకు నేర్పిన ఆవిడ "చేత్తో వేస్తేనే పని వస్తుంది" అనేది. ఇప్పుడు నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు చలికాలంలో చెక్కులా లేస్తాయి. కూరలో నిమ్మకాయ పిండలేను. చర్మం డాక్టరు దగ్గరకు ఆ ప్యాకెట్ కూడా పట్టుకెళ్లండి, వీపు మీద ప్యాచ్‌లు అంటించి చూస్తారు. ఈలోపు ఆవిడ చేత ముట్టించకండి. ముట్టక తప్పదంటే నైట్రైల్ గ్లోవ్స్, మందుల షాపులో అడగండి. ప్యాకెట్‌లో వచ్చేవి కాదు.

కోట_మూర్తి | రాత్రి 9.25

డాక్టరు చెప్పేవరకు నేను ఒప్పుకోను. కొబ్బరిపీచు కూడా కావచ్చు.

రాబోయే ఆదివారం మాత్రం వేసుకోవడం లేదు. కాస్త జలుబుగా ఉంది.

తోటపాలెం_లత | రాత్రి 9.31

పద్మగారూ, చెవి వెనక చుక్క పెట్టించుకుని వచ్చాను. పార్లర్ వాళ్లకు నేనే చెప్పి పెట్టించాను, వింతగా చూశారు. బుధవారం వరకు ఆగాలి. మా ఆయన పందెం డబ్బు అడుగుతున్నారు, ఇంకా వేసుకోలేదు కదా అన్నాను.

రాజాం_సెలూన్ | రాత్రి 9.40

మూర్తి మాస్టారూ, జలుబు తగ్గాక ప్యాకెట్ పట్టుకుని రండి. 60.

కోట_మూర్తి | రాత్రి 9.44

గంటస్తంభం దగ్గర 50కే వేస్తున్నారు. సాయంత్రం కనుక్కుని వచ్చాను.