దగ్గరి జంట నక్షత్రాల జ్వాలలు: కారణం తోడు తారా, గిరగిర తిరగడమా?

నింగిచూపు:
ఆల్గాల్ అనే జంట నక్షత్రంలో ఒకటి వేడి తార, ఒకటి చల్లని తార. ఆ చల్లని తార విసిరే జ్వాలల (ఒక్కసారిగా ఎగసే శక్తి పేలుళ్ల) ముందు మన సూర్యుడి జ్వాలలు అగ్గిపుల్లల్లాంటివి. రెండు తారల అయస్కాంత క్షేత్రాలు మధ్యలో పెనవేసుకుని, తెగి, మళ్లీ అతుక్కోవడం వల్లే ఇంత శక్తి వస్తుందని నా వాదన. 2010లో వెలువడిన రేడియో చిత్రాలు చూడండి. చల్లని తార మీద తోరణంలా లేచిన కరోనా (తార చుట్టూ ఉండే అతివేడి బయటి వాతావరణం), దాదాపు ఆ తార వ్యాసమంత ఎత్తు. దాని కొస తోడు తార వైపే తిరిగి ఉంది!

దుర్భిణి:
ఆ తోడు తార బి8 రకం వేడి నక్షత్రం అండీ. సూర్యుడిలా దాని బయటి పొరలు కుతకుతా ఉడకవు, అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే డైనమో నడవదు. మరి పెనవేసుకోవడానికి రెండో క్షేత్రం ఎక్కడిది? నా లెక్కలో కారణం చల్లని తార తిరిగే వేగమే: ఎంత వేగంగా తిరిగితే డైనమో అంత బలంగా నడుస్తుంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 25 రోజులు పడుతుంది. ఆల్గాల్ చల్లని తారకి 2.87 రోజులు చాలు, ఎందుకంటే ఆటుపోట్ల బలం దాని భ్రమణాన్ని కక్ష్యకి కట్టేసింది. ఒంటరి తార వయసుతో నెమ్మదిస్తుంది, దీనికి ఆ విశ్రాంతి లేదు.

ఇంకో మాట. 1997లో బెప్పోసాక్స్ ఉపగ్రహం ఎక్స్-రేలలో చూస్తుండగా ఆల్గాల్‌లో పెద్ద జ్వాల లేచింది. అది ఆరకముందే వేడి తార అడ్డొచ్చి జ్వాలకే గ్రహణం పట్టింది! ఆ వెలుగు ఎప్పుడు తగ్గి ఎప్పుడు తిరిగొచ్చిందో చూసి చోటు పట్టేశారు: చల్లని తార దక్షిణ ధ్రువం మీద. రెండు తారల నడుమ కాదు. ఇంత అందమైన కొలత నేనైతే అరుదుగా చూశాను.

నింగిచూపు:
బి8 సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ డీక్యూ టౌరీ అనే ఇంకో జంట మాటేమిటి? రెండూ కుర్ర తారలే, రెండింటికీ క్షేత్రాలున్నాయి. 15.8 రోజుల కోలకక్ష్యలో అవి బాగా దగ్గరైన వేళ 2008లో మిల్లీమీటర్ తరంగాల్లో జ్వాల దొరికింది. తర్వాతి సమాగమాల్లోనూ అదే జరిగింది.

దుర్భిణి:
అక్కడ మీదే పైచేయి. దూరం తగ్గినప్పుడల్లా క్షేత్రాలు నలుగుతాయి. ఆల్గాల్ కక్ష్య దాదాపు గుండ్రం, అక్కడ ఆ నలుగుడు లేదు.

చుక్కలలెక్క:
ఇద్దరికీ ఒక జాగ్రత్త. కట్టుబడ్డ జంటలో ఒకే ముఖం ఎప్పుడూ తోడు వైపే ఉంటుంది. ఆ ముఖం మనవైపు తిరిగినప్పుడే జ్వాలలు ఎక్కువ కనిపిస్తే, అక్కడ మచ్చలు (అయస్కాంత క్షేత్రం బలంగా ఉండి జ్వాలలు పుట్టే చోట్లు) గుంపుగా ఉన్నాయనే తేలుతుంది, తోడు తార రాజేసిందని కాదు.

నింగిచూపు:
అయితే ఆ మచ్చలు ఆ ముఖం మీదే ఎందుకు గుమికూడాలి? నా ప్రశ్న ఇప్పుడు అక్కడికి జరిగింది.