మూడు గేదెల పాడి గిట్టుబాటవుతుందా? గడ్డిని ఖర్చులో వేయాలా, వద్దా?

బాపట్లవాసి:
చర్చ కోసం మా ఇంటి లెక్కనే ఇక్కడ పెడుతున్నాను. బాపట్లకు దగ్గరలోని మా ఊళ్లో మాకు మూడు గ్రేడెడ్ ముర్రా గేదెలున్నాయి. రెండు పాలిస్తున్నాయి, ఒకటి ఒట్టిపోయింది. ఇంటి వాడకం పోను రోజుకు 11 లీటర్లు పాలకేంద్రానికి పోస్తాము. వెన్న ఆరున్నర శాతం దగ్గర ఉంటుంది కాబట్టి లీటరుకు సగటున 50 రూపాయలు పడుతుంది. పదిహేను రోజుల బిల్లు 8,250 రూపాయలు. అందులో దాణాకు 3,990, మందులకు 300 పోతే 3,960 మిగులుతుంది, అంటే రోజుకు 264. వచ్చే ఏడాది నుంచి గడ్డి కూడా కొనవలసిందే కనుక, మూడింటికీ కలిపి రోజుకు 18 కిలోల చొప్పున, కిలో 6 రూపాయల లెక్కన మరో 1,620 తీసేస్తే రోజుకు మిగిలేది 156 మాత్రమే. దానికి రోజూ నాలుగు గంటల చాకిరీ ఉంది. చిన్న కుటుంబాలు గేదెలను అమ్ముకుని, పాడిని పెద్ద ఫారాలకు వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. కాదనేవారు దయచేసి లెక్కతో కాదనండి.

గడ్డివామి:
సొంత పొలంలో పండిన గడ్డికి ధర కట్టడం ఎక్కడి లెక్క? ధాన్యం కోసం వరి వేస్తాము, గడ్డి దాని వెంట వస్తుంది. నాకు రెండు గేదెలున్నాయి, పద్దెనిమిదేళ్లుగా నేనే పాలు పితుకుతున్నాను. నాకు నష్టం వచ్చిందంటే అది గడ్డి దగ్గర కాదు, పాలకేంద్రంలో వెన్న కొలిచే యంత్రం దగ్గర. ఒకే రోజు ఒకే గేదె పాలను రెండు సీసాల్లో పట్టి పంపితే, మా ఊరి కేంద్రంలో వెన్న 5.8 చూపించింది, పక్క ఊరి కేంద్రంలో 6.6 చూపించింది. లీటరుకు దాదాపు ఆరు రూపాయల తేడా. అడిగితే మా కేంద్రంలో ఉన్న అబ్బాయి, నీళ్లు ఎక్కువ తాగించావేమో అన్నాడు.

లెక్కలమాస్టారు:
యంత్రం సంగతి వేరు, గడ్డి సంగతి వేరు. అమ్మితే డబ్బు వచ్చే వస్తువును మీరు గేదెకు వేస్తున్నారంటే, ఆ డబ్బును మీరు ఖర్చు పెట్టినట్టే. పైగా ఈ రోజుల్లో గడ్డి ఊరికే ఇంటికి రావడం లేదు. కోతయంత్రం దిగిన తరువాత సగం గడ్డి చేలోనే ముక్కలైపోతున్నది, మిగిలినదానిని కట్టలు కట్టే యంత్రానికి బాడుగ, ఇంటికి తోలడానికి ట్రాక్టరుకు మరో బాడుగ ఇవ్వాలి. బాపట్లవాసి గారి లెక్క సరైనదే. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ దినకూలి 300 రూపాయలు. నాలుగు గంటలకు 156 రూపాయలంటే, లక్ష రూపాయల గేదెను కొనుక్కుని మన ఇంట్లో మనమే సగం రోజు కూలికి పోతున్నట్టు.

ముల్కనూరు పక్కఊరు:
మా వైపు ఆడవాళ్లే సహకార డెయిరీ పెట్టుకుని నడుపుకుంటున్నారు. కొనేవాళ్లు మన వాళ్లయితే యంత్రం మీద అనుమానం ఉండదు.

సంతబేరం:
అందరూ పాలు, గడ్డి అంటున్నారు గాని, ఒట్టిపోయిన గేదె సంగతి ఎవరూ ఎత్తడం లేదు. పూర్వం ముసలి గేదెను అమ్మిన డబ్బుకు కొంత కలిపితే పడ్డ (ఇంకా ఈనని వయసు గేదె) వచ్చేది. గేదెను కబేళాకు పంపాలంటే ఇక పాడికి గానీ ఈతకు గానీ పనికిరాదని అధికారి ధ్రువపత్రం ఇవ్వాలని 1977 నాటి చట్టం చెబుతున్నది. దానితో అందరూ సర్దుకుపోయారు. 2017 మే నెలలో కేంద్ర ప్రభుత్వం సంతల్లో కబేళా కోసం పశువులను అమ్మకూడదని నిబంధనలు తెచ్చింది. జూలైలో సుప్రీంకోర్టు వాటిని నిలిపివేసింది, కాని మా సంతకు వచ్చే బేరగాళ్లలో సగం మంది మళ్లీ రాలేదు. వచ్చినవాళ్లు దారిలో బండి ఆపుతారన్న భయాన్ని కూడా ధరలోనే కోస్తున్నారు.

గడ్డివామి:
సంతబేరం గారు చెప్పింది నిజం. మాస్టారూ, గడ్డి అమ్మితే డబ్బు వస్తుందన్నారు. నేను ఏనాడూ అమ్మలేదు, మా వీధిలో అమ్మినవాళ్లూ లేరు. మరి పేడకు మీరు ధర కట్టారా? కట్టలేదు. ఖర్చులోకి గడ్డి వచ్చినప్పుడు రాబడిలోకి పేడ ఎందుకు రాదు?

లెక్కలమాస్టారు:
పేడను కలిపినా గడ్డిని తీసెయ్యడానికి వీల్లేదు. నేను మొదటినుంచీ చెబుతున్నది అదొక్కటే.

బాపట్లవాసి:
పేడను కలపకపోవడం నా పొరపాటే. అయితే దాని వల్ల ఫలితం మారదు. ఇలా గడ్డికి, పేడకు వంకలు వెతుక్కుంటూ ఉండబట్టే ఊళ్లో ఆడవాళ్లు అరవై దాటినా కొట్టంలోనే నడుము విరగ్గొట్టుకుంటున్నారు.

గడ్డివామి:
నడుము నాది, మీకెందుకంత బాధ? ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పండి. మీ ఇంట్లో పాలు పితికేది మీరేనా? తెల్లవారుజామున నాలుగింటికి లేచేవారు "నాలుగు గంటల చాకిరీ" అని రాయరు. ఈనిన గేదె తన్నిన రోజున అది ఆరు గంటలవుతుంది, కేంద్రం బండి రాని రోజున లెక్కే ఉండదు. ఇంకొకటి, మొదటి టపాలో "వచ్చే ఏడాది నుంచి గడ్డి కూడా కొనవలసిందే" అన్నారు. సొంత పొలం ఉన్నవారు వచ్చే ఏడాది గడ్డి ఎందుకు కొంటారు?

బాపట్లవాసి:
నేను హైదరాబాదులో ఉంటాను, అదేమీ నేరం కాదు. పాలు పితికేది మా అమ్మ. ఆమెకు అరవై ఒక్క ఏళ్లు, మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పారు. నెలకు పది వేలు పంపుతాను, గేదెలను అమ్మెయ్యమ్మా అంటే వినదు. రెండెకరాలనూ రొయ్యల చెరువుకు కౌలుకు అడుగుతున్నారు, వరి కౌలుకు రెట్టింపు ఇస్తామంటున్నారు. చెరువు తవ్వితే వరి ఉండదు, గడ్డి ఉండదు. అందుకే కొనవలసి వస్తుందని రాశాను. ఇందులో దాచిందేమీ లేదు.

గడ్డివామి:
అయితే మీరు అమ్మమంటున్నది గేదెలను కాదు, అడుగుతున్నది పొలాన్ని. ఆ మాట మొదటే రాసి ఉంటే ఇన్ని రోజులు గడ్డి గురించి కొట్లాడేవాళ్లం కాదు. పదిహేను రోజులకోసారి పాల బిల్లు మీ అమ్మగారి ఖాతాలో పడుతుంది. నాకూ అలాగే పడుతుంది. మా ఆయననూ, కొడుకునూ అడగకుండా నేను ఖర్చు పెట్టగలిగిన డబ్బు అదొక్కటే. మీరు పంపే పది వేలు ఎక్కువే కావచ్చు, కాని ఆ డబ్బు వేరు. పొలం ఎవరి పేరున ఉన్నది?

బాపట్లవాసి:
అమ్మ పేరున. సాగు చేసేది అన్నయ్య. గడ్డి మొత్తం కొట్టానికి ఇస్తాడు, అమ్మ ఏడాదికి నాలుగు ట్రక్కుల పేడ చేనికి తోలిస్తుంది. డబ్బు చేతులు మారదు. అన్నయ్యకూ చెరువు ఇష్టం లేదు, పక్క చేలల్లోకి ఉప్పునీరు ఊరుతుందని భయం. ఇంట్లో ఈ గొడవ ఆరు నెలలుగా నడుస్తున్నది. కనీసం లెక్కతోనైనా ఒప్పిద్దామనే ఇక్కడికి తెచ్చాను. ఆమె మోకాళ్ల సంగతి మాత్రం అబద్ధం కాదు అక్కా.

సంతబేరం:
ఒట్టిపోయిన గేదె చూడితో ఉంటే ఇప్పుడే తొందరపడి అమ్మకండి. నెలలు నిండేకొద్దీ ధర పెరుగుతుంది.

లెక్కలమాస్టారు:
పొలం ఎవరి పేరున ఉన్నా గడ్డికి ధర ఉంటుంది. చుట్టుపక్కల చెరువులు పెరిగితే అది కిలో 6 రూపాయల దగ్గర ఆగదు. 8 రూపాయలతో మళ్లీ వేసి చూడండి.

బాపట్లవాసి:
వేశాను మాస్టారూ, రోజుకు 120 వచ్చింది. రాత్రి అమ్మకు ఫోనులో మొత్తం లెక్క చదివి వినిపించాను. అంతా విని, చెరువు తవ్వకపోతే ఎంత మిగులుతుందో అది చెప్పమన్నది.