‘నిలదీశారు’ అని ఎప్పుడు రాయాలి?

నిన్న ఇక్కడ ఒక మిత్రులు మంచి ప్రశ్న వేశారు. పార్లమెంటు వార్తల్లో ‘ప్రశ్నించారు’, ‘నిలదీశారు’ రెండూ ఒకటేనా, ఏది పడితే అది రాసేయొచ్చా అని. కామెంట్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదనిపించి విడిగా రాస్తున్నాను. నాకు చాలా ఇష్టమైన మాట ఇది. అయినదానికీ కానిదానికీ వాడి అరగదీస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ మాట అసలు అర్థం నాకు తెలిసింది మా అమ్మమ్మ వల్ల. నా చిన్నప్పుడు రేషన్ షాపులో కిరసనాయిలు పోసేవారు. ఒకసారి డీలరు కార్డులో అయిదు లీటర్లని రాసి, డబ్బాలో నాలుగే పోశాడు. అమ్మమ్మ క్యూలోంచి పక్కకు జరగలేదు. “కార్డులో అయిదని రాశావు, డబ్బాలో నాలుగే ఉన్నాయి. ఆ లీటరు ఎవరింట్లో వెలుగుతోందయ్యా?” అంది. స్టాకు తక్కువొచ్చిందన్నాడు. “మరి అయిదని ఎందుకు రాశావు?” వచ్చే నెల సర్దుతానన్నాడు. “సర్దుదువుగానీ, అయిదని ఎందుకు రాశావు?” గొంతు పెంచలేదు, తిట్టలేదు. వెనక నిలబడినవాళ్లంతా తమ కార్డులు తెరిచి చూసుకోవడం మొదలెట్టారు. డీలరు ఇంకేమీ మాట్లాడకుండా కొలత డబ్బా మళ్లీ ముంచాడు. ఇంటికొచ్చాక మా పిన్ని అందరితో అంది, “అమ్మ ఇవాళ వాణ్ణి నిలదీసేసింది” అని.

చేతిలో కార్డు, చుట్టూ జనం, జవాబు చెప్పేదాకా అవతలివాడు కదలడానికి వీల్లేని స్థితి. నిలదీయడమంటే అదీ.

మాటను విప్పి చూడండి. నిలకడలో, నిలదొక్కుకోవడంలో ఉన్న ‘నిల’యే ఇందులోనూ ఉంది. నిల, తొక్కు కలిసి నిలదొక్కు అయినట్టే నిల, తీయు కలిసి నిలదీయు అయింది. రెండుచోట్లా ‘త’ కాస్తా ‘ద’గా మారింది. చాలా ఊళ్లలో ‘నిలేసి అడిగాడు’ అంటారు, అది ‘నిలవేసి’. ఇంకో సంగతి. గట్టిగా అడగడానికి మనకున్న మాటల్లో చాలావాటిలో తీయడమో లాగడమో ఉంటుంది. ఆరా తీయడం, కూపీ లాగడం, నిగ్గదీయడం, గుట్టు లాగడం. నిజం లోపలెక్కడో ఉంటుంది, పట్టుకు లాగితేగానీ రాదని మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. తీగ లాగితే డొంకంతా కదిలిందన్న సామెత కూడా ఆ కుదురులోదే.

ఇక పార్లమెంటు. లోక్‌సభలో రోజూ పదకొండు గంటలకు మొదలయ్యే మొదటి గంట ప్రశ్నోత్తరాల సమయం. సభ్యుడు మామూలుగా కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇస్తాడు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నలు రోజుకు 20, అవి నోటిమాటగా జవాబు చెప్పాల్సినవి. గుర్తు లేనివి 230 దాకా ఉంటాయి, వాటికి రాతలోనే జవాబు. స్పీకర్ పేరు పిలవగానే సభ్యుడు లేచి ప్రశ్న నంబరు మాత్రం చెబుతాడు. మంత్రి లేచి, జవాబును సభ ముందు ఉంచానంటాడు. ఇక్కడిదాకా తతంగమే. ఇందులో ఎవరూ ఎవరినీ నిలదీసింది లేదు.

అసలు కథ ఆ తర్వాత, ఆ జవాబు మీద అప్పటికప్పుడు వేసే అనుబంధ ప్రశ్నలో ఉంది. దానికి ముందే రాసిచ్చిన జవాబు ఉండదు. మీ జవాబులో రెండో పేరాలో ఈ అంకె ఉంది, పోయినసారి ఇంకో అంకె చెప్పారు, ఏది నిజం అని సభ్యుడు అడిగాడనుకోండి, మంత్రి మళ్లీ లేవాలి. అధికారులు తమ గ్యాలరీ నుంచి చీటీలు పంపిస్తారు. అయినా నిలబడి చెప్పాల్సింది ఆయనే. మాటకు మాట సరిపోయే చోటు ఇది, మంత్రి నిజంగానే నిలబడి ఉంటాడు. అమ్మమ్మ చేసింది కూడా అనుబంధ ప్రశ్నే కదా.

బ్రిటన్‌లో బుధవారం మధ్యాహ్నం ప్రధాని ప్రశ్నోత్తరాల్లో ప్రతిపక్ష నాయకుడికి ఆరు ప్రశ్నలు దక్కుతాయి. ఆరూ ఒకే విషయం మీద వేస్తే జవాబు తప్పించుకోవడం ఎంత కష్టమో చూసినవాళ్లకు తెలుస్తుంది.

మన తెలుగువాళ్లకు ఈ మాటతో గట్టి బంధమే ఉంది. 1984 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 400 దాటి సీట్లొస్తే, 30 స్థానాలతో తెలుగుదేశం లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. మహబూబ్‌నగర్ నుంచి జనతా పార్టీ తరఫున జైపాల్ రెడ్డి గారు అదే సభలో ఉన్నారు. శతఘ్నుల కొనుగోలులో ముడుపులు చేతులు మారాయన్న బోఫోర్స్ వ్యవహారం నడిచిన సభ అది. లెక్కలో అంత తక్కువమంది అంత పెద్ద ప్రభుత్వాన్ని ఆపి అడగడమంటే, దానికి ‘ప్రశ్నించారు’ చాలదు. 1989 జూలైలో ఆ కొనుగోలు మీద ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక వచ్చాక ప్రతిపక్ష సభ్యులు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. అది మాత్రం నిలదీత కాదు, లేచి బయటికి రావడం. దానికి వేరే మాట కావాలి.

నిలదీయడానికి ప్రతిపక్షంలోనే ఉండాలని కూడా లేదు. 1957 డిసెంబరులో ఎల్ఐసీ డబ్బు హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లోకి ఎలా వెళ్లిందని లోక్‌సభలో గట్టిగా అడిగిన ఫిరోజ్ గాంధీ అధికార పక్షం మనిషే, పైగా ప్రధాని నెహ్రూ అల్లుడు. ఆ వ్యవహారంలోనే 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి రాజీనామా చేశారు.

వాడుకలో నాకు కనబడే పెద్ద తప్పు ఒకటుంది. ‘ధరల పెరుగుదలను నిలదీశారు’ అని రాస్తున్నారు. ధరల పెరుగుదల ఎలా నిలబడుతుంది? నిలదీయడానికి జవాబుదారీ ఒకరుండాలి. ‘ధరల పెరుగుదలపై మంత్రిని నిలదీశారు’ అనండి, సరిపోతుంది. ‘ప్రభుత్వాన్ని నిలదీశారు’ కూడా సరైనదే. మంత్రిమండలి మొత్తం లోక్‌సభకు ఉమ్మడిగా బాధ్యత వహించాలని రాజ్యాంగం 75వ అధికరణం చెబుతోంది కాబట్టి, అక్కడ ప్రభుత్వం కూడా ఒక మనిషిలాగే నిలబడాలి.

అలాగే, అరిస్తే ‘మండిపడ్డారు’, తప్పులు బయటపెడితే ‘ఎండగట్టారు’, విమర్శలకు దిగితే ‘ధ్వజమెత్తారు’. స్పీకర్ కుర్చీ ముందుండే ఖాళీ జాగా, అదే వెల్‌లోకి దూసుకెళ్లి ప్లకార్డులు చూపిస్తే ‘నిరసన తెలిపారు’. వీటన్నిటికీ నిలదీతనే అంటగడితే, రేపు నిజంగా ఒకరు నిలదీసిన రోజున మన దగ్గర మాట మిగలదు.

కింద కామెంట్లలో ఒకరు అడిగారు: నక్షత్రం లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తే ఏమని రాయాలి? అక్కడ ఎవరూ లేవరు, ఎవరూ నిలబడరు, కాగితం మాత్రం వస్తుంది. కానీ ఆ కాగితంలో ఒక్కోసారి ఎన్నాళ్లుగానో దొరకని లెక్క ఉంటుంది. దానికి ‘రాబట్టారు’ అనండి. ‘ఖాళీ పోస్టుల లెక్కను కేంద్రం నుంచి రాబట్టారు.’ చూశారా, ఇక్కడా లాగడమే ఉంది.