"విరిగి నలిగిన"... "విరిగిన, నలిగిన"... ఏది?

గుణింతం: శ్రమదినాలు మొదలయ్యే భస్మ బుధవారం ఆరాధనలో బైబిలు 51వ కీర్తన చదివారు. నా చెవిలో ఎప్పటినుంచో ఉన్నది "విరిగిన, నలిగిన హృదయమును నీవు అలక్ష్యము చేయవు". చదివినాయన "విరిగి నలిగిన" అన్నారు. ఏది సరి? ఈ నలభై రోజులూ ఈ వాక్యంతోనే ప్రార్థన చేసుకోవాలని ఉంది, అందుకే అడుగుతున్నాను.

పాతప్రతి: "విరిగి నలిగిన" అండీ, 17వ వచనం. "న" చేరిస్తే రెండూ ఒట్టి విశేషణాలు. "విరిగి" అంటే వరస ఉంది, ముందు విరగాలి, తర్వాతే నలగాలి. శ్రమదినాల నడక అంతా ఆ క్త్వార్థంలోనే (ఒక పని అయ్యాక మరొకటి అని చెప్పే "విరిగి" లాంటి రూపంలోనే) ఉంది.

తాటాకు: హీబ్రూలో ఆ వరస లేదు, నిష్బర్, నిద్కె అని రెండు మాటలు, మధ్య "మరియు" అనే ఒక సముచ్చయం, అంతే. క్త్వార్థం మనవాళ్ళ చలవ, బాగుంది కూడా. నన్ను వేధించేది "విరగడం". తెలుగులో ఒకరిమీద మనసు విరిగిందంటే ఇక ఆ మనిషి వద్దనే. "మనసు విరిగెనేని మరి యంటనేర్చునా" అన్నాడు వేమన. అలాంటి మనసు దేవుడికి బలి ఎలా అయింది?

ఇసుకపలక: ఎవరిమీద విరిగిందో చూడండి మాస్టారూ. నాతాను ప్రవక్త వచ్చి, ఊరియాను చంపించి అతని భార్యను తీసుకున్న సంగతి ముఖం మీద చెప్పాక, ఈ కీర్తన పాడిన దావీదు రాజు మనసు తన పాపం మీదే విరిగింది. మన జాతీయం ఇక్కడ అతికినట్టు సరిపోతుంది. పైగా 10వ వచనంలో ఆయన అతుకు అడగలేదు, "శుద్ధహృదయము కలుగజేయుము" అన్నాడు. అక్కడి క్రియ బారా, ఆదికాండం మొదటి వాక్యంలో "సృజించెను" అన్నదే. ఉపవాసం ఉండి మనం అడగాల్సింది కూడా అదే, పాతదానికి మరమ్మతు కాదు.

పాతప్రతి: వేమన పద్యంలో రెండో పాదం "కాచి యతుకనేర్చు గమ్మరీడు" అనే చదవాలి. "క్రమముగాను" అని చదివితే కమ్మరి పోతాడు, పద్యం సగం పోతుంది.

తాటాకు: మా బడి పుస్తకంలో "క్రమముగాను" అనే ఉంది, నాకు అదే ఇష్టం. వేమనకు కమ్మరి లేకుండానే ఇనుము వేడెక్కుతుంది.

గుణింతం: మరి "నలిగిన" సంగతి?

ఇసుకపలక: నాకైతే పెళ్ళిలో పెట్టే నలుగు గుర్తొస్తుంది. పిండిని నలిపి ఒంటికి రుద్ది మురికి తీస్తారు. ఈస్టరు ముందు హృదయానికి పెట్టే నలుగు అనుకుంటే ఎంత బాగుంటుందో!

పాతప్రతి: హీబ్రూ మాటకు అర్థం చితికిపోవడం, అందులో శుభకార్యం లేదమ్మా. ఈ రోజుల్లో నాకు పురుషోత్తము చౌధరిగారి "త్రాహిమాం క్రీస్తు నాథ" కీర్తన చాలు. "నేను దేహి యనుచు నీ పాదములే దిక్కుగా జేరితి", అక్కడ విరగడం అన్న మాటే అక్కర్లేకపోయింది.

తాటాకు: ఆ "దేహి" ఏది? "ఇవ్వు" అని చేయి చాపడమా, దేహమున్నవాణ్ణి అని చెప్పుకోవడమా? నేను రెండోదే అంటాను.

పాతప్రతి: "అనుచు" ఉందిగా, అడగడమే.

తాటాకు: "నేను" ఎందుకు పెట్టారు మరి?